బండల తరఫున వాదించిన ఐఏఎస్

నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో మౌల్డింగ్ పనివాణ్ని, ఉండేది కృష్ణానగర్. డైరెక్టర్ ఫైటుకి గుట్ట కావాలంటే చెక్కతో, ఇనుప జాలీతో చట్రం కడతాం. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో ముంచిన గోనెగుడ్డ దాని మీద పరిచి, ఆరాక రంగు వేస్తాం. అసలు తిప్పలన్నీ రంగు దగ్గరే. దూరం నుంచి బూడిదగా కనిపించే హైదరాబాద్ బండ దగ్గరికెళ్తే లేత గులాబీగా ఉంటుంది, నల్లచుక్కలుంటాయి, వాన కారిన చారలుంటాయి. కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఇది చూపించాలంటే ఒకప్పుడు స్టూడియో గేటు దాటితే సరిపోయేది. ఇప్పుడు బండి తియ్యాలి.

ఈ బండలకీ ఒక చరిత్ర ఉందని, వాటిని కాపాడాలని సర్కారు చేత రాయించడానికి ఏళ్ల తరబడి పోరిన పెద్దాయన నరేంద్ర లూథర్. ఆయన పుట్టింది 1932లో, పంజాబ్‌లో. దేశ విభజనలో చెదిరిన కుటుంబం. ఐఏఎస్ అయి ఆంధ్రప్రదేశ్‌కి వచ్చారు, చీఫ్ సెక్రటరీ అయ్యారు, 1991లో రిటైరయ్యారు. హైదరాబాద్ మీద, సికింద్రాబాద్ మీద పుస్తకాలు రాశారు. కులీ కుతుబ్ షా జీవితం రాశారు, ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గురించీ రాశారు. ఉర్దూలో హాస్యం రాసేవారు. అంత పెద్ద అధికారికి హాస్యం ఎలా అబ్బిందో గానీ, బండల గురించి మాట్లాడేటప్పుడు అది బాగా అక్కరకొచ్చి ఉంటుంది. రాయి కోసం బాధపడే మనిషిని చూసి నవ్వేవాళ్లే ఎక్కువ కదా.

బంజారాహిల్స్‌లో ఆయన తన ఇంటిని ఒక పెద్ద బండని కలుపుకుని కట్టుకున్నారు. బండ హాల్లోకే వచ్చి ఉంటుంది. ఆయనకి ముందు ఈ దారి చూపింది మెహదీ నవాజ్ జంగ్. నిజాం కాలంలో, అక్కడ మనుషులు ఉండగలరని ఎవరూ అనుకోని రోజుల్లో, ఆయన రాళ్ల మధ్యే ఇల్లు కట్టారు. 1933లో రవీంద్రనాథ్ టాగోర్ ఆ ఇంట్లో బస చేశారు. ఆ తర్వాత 1960లలో చల్లగళ్ల నరసింహారావు గారు జూబ్లీహిల్స్ కాలనీకి పునాది వేశారు. 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరుచుకుంది. మద్రాసు నుంచి సినిమా పరిశ్రమ మెల్లమెల్లగా కదిలొస్తుంటే ఫిల్మ్‌నగర్ లేచింది. ప్లాటు చదును కావాలంటే కంప్రెసర్ పెట్టి బెజ్జాలు కొట్టాలి, మందు కూరాలి, పేల్చాలి. లారీలకెత్తిన ఆ రాయే పక్క వీధిలో పునాది అయ్యేది.

అలా పేల్చిన బండ వయసు 250 కోట్ల ఏళ్లంటారు. భూమి లోపల కిలోమీటర్ల లోతున కరిగిన ముద్ద చల్లారి గ్రానైటు అయింది. పైనున్న పొరలన్నీ యుగాల పాటు అరిగిపోతే బయటపడింది. అడ్డంగా, నిలువుగా పగుళ్లు వచ్చాయి. వాటిలోకి నీళ్లు దిగి, మూలలు ముందుగా మెత్తబడి, ఉల్లిపొరల్లా ఊడి, పలకగా ఉన్నది గుండు అయింది. గుండు మీద గుండు నిలబడి ఉంటే ఎవరో పేర్చారనుకుంటాం గానీ, అవన్నీ ఒకప్పుడు ఒకే రాయి. ఉన్న చోటనే విడివడ్డాయి. అందుకే ఒకదాన్ని కదిపితే మళ్లీ నిలబెట్టడం ఏ క్రేను వల్లా కాదు. ఆ పగుళ్లలోంచే వాన నీరు కిందికి దిగుతుంది, చెరువుకి చేరుతుంది. గోల్కొండ కోటకి మంచినీళ్లిచ్చిన దుర్గం చెరువు చుట్టూ ఉన్నవి ఈ గుట్టలే.

లూథర్ గారు అధ్యక్షుడిగా పనిచేసిన సొసైటీ టు సేవ్ రాక్స్ 1996లో రిజిస్టరైంది. కళాకారులు, ఫొటోగ్రాఫర్లు, పర్యావరణం పట్టినవాళ్లు అందులో కలిశారు. జర్మనీ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఫ్రౌకే ఖాదర్ గారు దానికి వెన్నెముక. బండల మీద ‘రాక్యుమెంటరీ’ అని లూథర్ గారు ఓ డాక్యుమెంటరీ కూడా తీశారు. ఇంతమంది సినిమావాళ్లం గుట్ట మీదే కాపురాలున్నాం, ఆ గుట్ట మీద సినిమా తియ్యాలన్న ఆలోచన మాత్రం రిటైరైన ఆఫీసరుకి వచ్చింది!

లూథర్ గారిలాగే రాళ్ల కోసం పోరిన జాన్ మ్యూర్ అని ఒకాయన అమెరికాలో ఉండేవాడు. పుట్టింది స్కాట్లాండ్‌లో. యోసెమిటీ గ్రానైటు కొండల గురించి రాసి రాసి జనాన్ని కదిలించాడు. 1892లో సియెరా క్లబ్ పెట్టి, 1914లో చనిపోయేదాకా దానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. ఆయన కాపాడాలని పోట్లాడిన కొండల వయసు పది కోట్ల ఏళ్లు అటూఇటూ. మన బండల ముందు పసిపిల్లలు. మ్యూర్ నెలల తరబడి కొండల్లో తిరిగిన మనిషి. లూథర్ గారి బలం వేరు: ఏ కాగితం ఏ టేబుల్ మీద ఆగుతుందో తెలిసినాయన.

ఆ బలమే పనికొచ్చింది. హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో పదమూడోది వారసత్వ కట్టడాల గురించి. పాత భవనాల సరసన తొమ్మిది రాతి ప్రదేశాలూ ఆ రక్షణ కిందికి వచ్చాయి. ఫిల్మ్‌నగర్ దగ్గర మాన్‌స్టర్ రాక్. జూబ్లీహిల్స్‌లో క్లిఫ్ రాక్, ఒబెలిస్క్, అమల గారి బ్లూక్రాస్ పక్కన టోడ్‌స్టూల్. శిల్పారామంలో బేర్స్ నోస్, సెంట్రల్ యూనివర్సిటీలో మష్రూమ్ రాక్, దుర్గం చెరువు గుట్టలు, హుస్సేన్ షా వలీ దర్గా దగ్గర రాక్ పార్క్, మౌలాలి వైపు సెంటినెల్ రాక్. కోట, మసీదు, దేవిడీ అంటే వారసత్వమని ఎవరైనా ఒప్పుకుంటారు. మనిషి చెయ్యి పడని రాయిని ఆ వరసలో కూర్చోబెట్టడం మామూలు పని కాదు.

ఆ గెలుపు నిలవలేదు. మ్యూర్ కూడా హెచ్‌హెచీ లోయ విషయంలో ఓడిపోయాడు, 1913లో అక్కడ డ్యామ్‌కి చట్టం వచ్చేసింది. ఇక్కడ 2015లో ఆ పదమూడో నిబంధననే ఎత్తేశారు. 2017లో తెలంగాణకి కొత్త వారసత్వ చట్టం వచ్చింది. లూథర్ గారు 2021 జనవరిలో కన్నుమూశారు. సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్‌డోజర్లు దిగితే 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపింది. ఆయన ఉండి ఉంటే పత్రికలో ఓ ఘాటైన వ్యాసం రాసేవారని నా నమ్మకం.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడదు. సొసైటీ వాళ్లు బండల మధ్య పెట్టే నడకలకి వచ్చేవాళ్లలో చదువుకున్న కుటుంబాలే ఎక్కువ. రోజంతా బండ కొట్టి బతికే వడ్డెర మేస్త్రీలు కనపడరు. మా వీధిలో ఒకాయన ఉన్నాడు, ఇప్పుడు కళ్లు సరిగా ఆనవు. అరచేత్తో తట్టి చెప్తాడు: “దీనికి వాటం ఇటుంది తమ్మీ, ఉలి పెడితే ఒక్క దెబ్బకి ఇస్తది. అది మాత్రం ఇయ్యదు, మందు పెట్టినా పిండి అయితది గానీ పలక రాదు.” అలాంటివాళ్లని కూలి రోజు కట్టిచ్చి నడకలో ముందు నిలబెట్టాలి. ఏది కొట్టొచ్చో, ఏది వదిలెయ్యాలో వాళ్లకి తెలిసినంత ఇంజనీర్లకీ తెలియదు.