పెద్ద కుక్కకు ఒక్కటే మాట

రాజపాళయం అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది కుక్క. తమిళనాడులో విరుదునగర్ జిల్లాలోని ఆ ఊరు తరతరాలుగా తెలుగు రాజులు స్థిరపడిన ఊరు కూడా. తెల్లటి ఒళ్లు, గులాబీ రంగు ముక్కు, భుజం దగ్గర 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు ఉండే ఈ వేటకుక్క బొమ్మతో 2005లో తపాలా శాఖ స్టాంపు వేసింది.

ఇక్కడి తెలుగు బడుల్లో పాఠాలు చెప్పే మాకు, పిల్లల కబుర్లలో రాజపాళయాలతో పాటు ఇప్పుడు గ్రేట్ డేన్‌లు కూడా వినిపిస్తున్నాయి. ఎదిగిన మగ గ్రేట్ డేన్ 50 కిలోలు దాటుతుంది. అది పట్టీ లాగితే పిల్లవాడు రోడ్డు మీద పడతాడు. ప్రేమతో మీదికి ఎగబడినా నాయనమ్మ కింద పడుతుంది. మాట వినని పెద్ద కుక్కకు చివరికి మిగిలేది గొలుసే. అందుకే అది చేతుల్లో ఇమిడే వయసులోనే, రెండు నెలలు నిండగానే, చదువు మొదలుపెట్టాలి.

ఏ భాషలో?

మన ఇళ్లలో చిక్కంతా ఇక్కడే. అమ్మ ‘కూర్చో’ అంటుంది, అన్నయ్య ‘సిట్’ అంటాడు, పక్కింటి స్నేహితుడు ‘ఉక్కారు’ అంటాడు. మనకు మూడూ ఒకటే. కుక్కపిల్లకు మాత్రం మూడు వేర్వేరు చప్పుళ్లు.

ఇంగ్లిష్ అయితేనే కుక్కకు ఎక్కుతుందనుకోవడం అపోహ. బుడాపెస్ట్ పరిశోధకులు 18 కుక్కలకు స్పానిష్, హంగేరియన్ భాషల్లో కథ వినిపించి, వాటి మెదడును స్కాన్ చేశారు. ఇంట్లో విన్న భాషనూ, వినని భాషనూ కుక్క మెదడు వేరుగా గుర్తిస్తుందని 2022లో ప్రచురించారు. కాబట్టి ఇంట్లో అందరి నోటా పలికే భాషే మంచిది. పగలంతా కుక్కతో ఉండేది నాయనమ్మే అయితే, ఆమె నోటికి వచ్చే తెలుగు మాటే అందరి మాట కావాలి.

ఐదు మాటలు చాలు: రా, కూర్చో, ఆగు, పడుకో, వదులు. ‘రాకు’ అనకండి. తెలుగులో వద్దనే అర్థం మాట చివర వస్తుంది. ‘రా’ వినగానే కుక్క వచ్చేస్తుంది. అక్కడ ‘ఆగు’ అనాలి. ‘రారా, ఇలా రామ్మా’ అని ముద్దుగా సాగదీయడం కూడా నేర్చుకునే రోజుల్లో వద్దు.

ఎలా నేర్పాలి?

ఉడికించిన కోడిమాంసం ముక్క కుక్కపిల్ల ముక్కు ముందు పెట్టి, మెల్లగా తల మీదుగా వెనక్కి జరపండి. తల పైకెత్తితే నడుము దానంతటదే కిందికి దిగుతుంది. ఆ క్షణంలోనే ‘కూర్చో’ అని, ముక్క పెట్టండి. నడుము పట్టి నొక్కకూడదు. పెద్ద జాతుల కీళ్లు గట్టిపడటానికి ఏడాదిన్నర పైనే పడుతుంది. తిండికి ముందు, రోజుకు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. పిల్లలు నేర్పేటప్పుడు పెద్దలు పక్కన ఉండాలి.

పట్టీ లాగితే అక్కడే నిలబడిపోండి. పట్టీ వదులైనప్పుడే అడుగు వేయండి. మీదికి దూకితే చేతులు కట్టుకొని అటు తిరగండి. ‘రా’ అని పిలిచి తిట్టవద్దు, కొట్టవద్దు. అలా చేస్తే ఆ మాటకు ఇక రాదు.

ప్రతి మాటకూ ఒక చేతి సైగ జోడించండి. తెల్లటి రాజపాళయాల్లో పుట్టు చెవుడు ఉన్నవి కనిపిస్తుంటాయి. పిలిస్తే పలకని కుక్క మొండిది కాకపోవచ్చు, దానికి వినపడకపోవచ్చు. వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడండి. అనుమానం ఉంటే పశువైద్యుడికి చూపించండి.

ఈ వారం పని

ఇంట్లో కుక్క ఉన్న పిల్లలు ఈ ఐదు మాటలూ పెద్ద అక్షరాలతో అట్టమీద రాసి, పక్కన సైగ బొమ్మ గీసి, వాకిలి దగ్గర అంటించాలి. తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని అన్నలూ అక్కలూ మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్లకు ముందు ఆ అట్ట చదవడం నేర్పండి. ఆ తర్వాతే పట్టీ వాళ్ల చేతికివ్వండి.