ఈ జన్మమే చాలునా?

మరణముతో సర్వమును ముగియునన్నచో మానవుడు దేనికొఱకు బ్రతుకవలెను? ధర్మమును ఏల పాటింపవలెను? స్వర్గనరకములయందును, పునర్జన్మయందును విశ్వాసము లేనివారిని మనము తఱచుగా అడుగు ప్రశ్న యిది. ప్రశ్న న్యాయమైనదే. దీనికి వాదముతో గాక జీవితముతో సమాధానము చెప్పిన కుటుంబమొకటి మన తెలుగునాట కలదు.

గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు 1902లో జన్మించిరి. వృక్షశాస్త్రమును బోధించుచు, నాస్తికభావముల మూలమున కళాశాలలో ఉద్యోగము కోల్పోయిరి. 1940లో కృష్ణాజిల్లా ముదునూరున, సతీమణి సరస్వతిగారితో కలసి నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు తరలినది. వారు బిడ్డలకు పెట్టిన పేళ్ళను చూడుడు. ఉప్పు సత్యాగ్రహమునాటి కుమారుడు లవణం. ప్రపంచయుద్ధమునాటి కుమారుడు సమరం. రాబోవు లోకమును గాక, తాము బ్రతుకుచున్న కాలమునే వారు ఆ పేళ్ళలో నిలిపిరి.

గోరాగారు తమ పెద్దకుమార్తెను హరిజన యువకునికిచ్చి వివాహము చేయ సంకల్పించిరి. గాంధీజీ అందులకు సమ్మతించిరి. వారి సమక్షమున జరుగవలసిన ఆ పెండ్లి, వారు గతించిన పిమ్మట 1948లో సేవాగ్రామమున జరిగెను. మనిషి పోయినను సంకల్పము పోలేదు. తరువాతి కాలమున లవణంగారును, జాషువా కవి కుమార్తెయగు వారి భార్య హేమలతగారును స్టూవర్టుపురము నేరస్థుల నడుమను, జోగినుల నడుమను పనిచేసిరి. పుణ్యఫలము నాశింపనివారు ఇంత శ్రమ యేల పడిరి? ఎదుటివాని బాధ ఇచ్చటనే, ఇప్పుడే కలదు గనుక.

అయితే ఆప్తులను పోగొట్టుకొన్నవారికి ఈ మాట చాలునా? మరల కలిసికొందుమను ఆశ గొప్ప ఊరట. దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. ఆ ఆశ లేనివారికి దుఃఖము తగ్గదు. కాని తద్దినమునాడు వడ్డింపదలచిన పిండివంటను, తల్లి బ్రతికియున్ననాడే ఆమె విస్తరిలో వడ్డింపవలెనను తొందర వారికి కలుగును. క్షమాపణమును వాయిదా వేయుటకు వారికి మఱొక జన్మము లేదు.

మన కొండాపురము వైపే చూతము. 2020లో గండికోట జలాశయపు నీటిలో తాళ్ళప్రొద్దుటూరు మునిగినది. పెద్దలు నడచిన వీధులు నీటిపాలగుట కన్నులార చూచినవారికి అశాశ్వతత్వమును గూర్చి వేఱొకరు చెప్పనక్కఱలేదు. అట్టివారిలో ఒక వృద్ధుడు క్రొత్త యింటిముందు వేపమొక్క నాటెననుకొందము. దాని నిండునీడలో తాను కూర్చుండునది లేదని ఆయన యెఱుగును. అయినను ఉదయముననే కడవతో నీరు పోయును. మనుమలు ఆ నీడలో ఆడుకొందురను ఊహయే ఆయనకు తృప్తి. ఆయనకు పరలోకముపై నమ్మకము ఉండవచ్చును, ఉండకపోవచ్చును. మొక్కకు మాత్రము నీరు నేడే కావలెను.