రెండు రూపాయి బిళ్ళలతో జెనెటిక్స్ క్లాస్

మన ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ, పక్కనే హబ్సిగూడలో సీసీఎంబీ ఉన్నాయి. రెండూ డీఎన్‌ఏ మీద పనిచేసే పెద్ద సంస్థలే. మరి ఇక్కడే అన్నోజిగూడలో పదో తరగతి పిల్లలకి జెనెటిక్స్ చెప్పాలంటే ల్యాబ్ కావాలా? అక్కర్లేదు. రెండు రూపాయి బిళ్ళలు చాలు.

పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టండి. ఒకరి బిళ్ళ అమ్మది, ఇంకొకరిది నాన్నది. బొమ్మ అంటే మామూలు జన్యువు, బొరుసు అంటే థలసీమియా జన్యువు. ఇద్దరి దగ్గరా రెండూ ఉన్నాయి కాబట్టి ఇద్దరూ క్యారియర్లే. పైకి ఆరోగ్యంగానే ఉంటారు. ఇప్పుడు ఇద్దరూ ఒకేసారి ఎగరేయాలి. రెండూ బొరుసు పడితేనే బిడ్డకి జబ్బు.

పుస్తకంలో నాలుగింట ఒక వంతు అని ఉంటుంది. కానీ నాలుగుసార్లు ఎగరేసి చూడండి. దాదాపు ప్రతి మూడు జంటల్లో ఒక జంటకి రెండు బొరుసులు ఒక్కసారి కూడా రావు. కొందరికి రెండుసార్లు వస్తాయి. క్లాసు మొత్తం లెక్కలు బోర్డు మీద కలిపితే మాత్రం పావు వంతుకి దగ్గరవుతుంది. మెండెల్ చేసిందీ ఇదే. బఠాణీల్లో 5,474 గుండ్రని గింజలు, 1,850 ముడతల గింజలు లెక్కపెట్టాడు. అంటే దాదాపు 3:1. పది గింజలతో ఆపేసి ఉంటే ఆ నిష్పత్తి అంత స్పష్టంగా కనిపించేదే కాదు.

ఇక్కడ అసలు పాయింట్ ఏంటంటే, బిళ్ళకి జ్ఞాపకం ఉండదు. "మొదటి బిడ్డకి వచ్చింది కదా, ఇక రెండో బిడ్డకి రాదులే" అనుకుంటారు చాలామంది. తప్పు. ప్రతి కాన్పుకీ మళ్ళీ అదే 25 శాతం.

మేనరికం సంగతీ ఇలాగే చెప్పొచ్చు. ఒకే తాత నుంచి వచ్చిన బొరుసు ఇద్దరి చేతిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. టీచర్లకి ఒక్క మాట: మీ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఉందని పిల్లల్ని అడక్కండి. బిళ్ళలతోనే చెప్పండి.

క్యారియరో కాదో రక్త పరీక్షతో తెలుస్తుంది. పెళ్ళికి ముందే చేయించుకోవచ్చు.

ఇంకోటి. ఒక్క బిళ్ళతో ఈ జబ్బు రాదు, రెండూ బొరుసు పడాలి. బిడ్డకి జబ్బొస్తే కోడల్ని తిట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఈ ఆట ఆడిన పిల్ల రేపు ఆ ఇంట్లో లేచి ఆ మాట చెప్పగలదు. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.