అటక మీది వస్తువులు



గుర్రంకొండ కోట చుట్టుప్రక్కల పల్లెలలో కుటుంబ ప్రార్థనలకు వెళ్లినప్పుడెల్లా మేము ఒక సంగతి గమనిస్తున్నాము. ఏ ఇంటి అటక చూచినా పనిచేయని డబ్బా టి.వి., కాలిపోయిన మిక్సీ, రెండు మూడు పాత సెల్‌ఫోన్లు. మా ఇంటిలోనూ ఒక కంప్యూటరు గోనెసంచి కప్పుకొని మూలన కూర్చున్నది. కనుక ఈ మాటలు ముందు మాకే చెప్పుకొంటున్నాము.

ఒక సాయంకాలము మందిరము వెనుక నల్లని పొగ లేచింది. వెళ్లి చూస్తే సండేస్కూలు పిల్లలు పాత వైర్లు తగులబెట్టి రాగి తీస్తున్నారు. గద్దించబోయి ఆగిపోయాము. ఆ వైర్లను అక్కడ పారవేసినది మేమే!

వైరు మీది ప్లాస్టిక్కు కాలితే డయాక్సిన్లు అనే విషములు పుడతాయి. డబ్బా టి.వి. గాజులో, పాత బోర్డుల టంకములో సీసము ఉంటుంది. కాల్చినా, పగులగొట్టినా అది నశించదు, మట్టిలో చేరుతుంది. ఆ మట్టినే కోళ్లు గెలుకుతాయి, పసిబిడ్డలు అందులోనే ఆడుతారు. సీసము బిడ్డల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గుప్పెడు రాగికి ఇంత వెల చెల్లించాలా?

ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారము 2022లో ప్రపంచమంతటా 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది. సక్రమముగా సేకరించి రీసైకిల్ చేసినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22 వంతులే.

మరి మనమేమి చేయగలము?

మొదట, బాగుచేయించుదాము. మిక్సీ మోటారు కాలితే వైండింగు చేయించవచ్చు. మా కంప్యూటరును మదనపల్లెకు తీసుకొని వెళితే, మెకానిక్కు పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్‌.ఎస్‌.డి. వేసి, ఉచితముగా దొరికే లినక్స్ ఎక్కించాడు. నేడు యౌవనస్థులు దాని మీద తెలుగు టైపు నేర్చుకొంటున్నారు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతమాత్రాన యంత్రము చెడిపోయినట్లు కాదు.

రెండవది, ఇతరులకిచ్చే ముందు ఫోటోలు, బ్యాంకు వివరములు పూర్తిగా తుడిపించండి. డిలీట్ నొక్కినంతనే హార్డ్‌డిస్కులోని సమాచారము పోదు.

మూడవది, బొత్తిగా పనికిరానిదానిని సరైన చోటికి చేర్చండి. ఇన్వర్టరు బ్యాటరీని కొత్తది కొనే కొట్టులోనే ఇస్తే ధర కొంత తగ్గుతుంది. ఉబ్బిన సెల్‌ఫోను బ్యాటరీని గుచ్చరాదు, మంటలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న నియమముల ప్రకారము రీసైక్లింగు బాధ్యత తయారీ కంపెనీలది. కాబట్టి "పాతది తీసుకొంటారా?" అని కొట్టులో అడగడానికి సిగ్గుపడవద్దు. పాత సామాన్లు కొనే అన్నకు కూడా వైర్లు కాల్చవద్దని ప్రేమతో చెప్పండి. ఆయనా బిడ్డలు గలవాడే.

ఐదువేలమందికి ఆహారము పెట్టిన ప్రభువు మిగిలిన ముక్కలను కూడా పోగుచేయించాడు. పన్నెండు గంపలు నిండాయి. ఈ శనివారము మనమూ అటక మీది వస్తువులు దించి చూద్దామా?