జర్నళ్లు వచ్చాయి.. వెతకడం నేర్పేదెవరు?

'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి కేంద్ర కేబినెట్ 2024 నవంబరు 25న ఆమోదం తెలిపింది. మూడేళ్లకు రూ.6,000 కోట్లు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించడం దీని ఉద్దేశం. ఒకప్పుడు పెద్ద సంస్థలకే దక్కిన పరిశోధన పత్రాలు జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీకీ చేరువయ్యాయి. అక్కడి విద్యార్థికి వాటిలో తనకు కావాల్సిన వ్యాసం దొరకాలంటే మాత్రం ఎవరో ఒకరు దారి చూపాలి.

చాలా కాలేజీల్లో ఆ పని ఏడాది మొదట్లో జరిగే అరగంట పరిచయంతో సరి. పుస్తకాలు ఎన్ని ఇస్తారు, ఆలస్యమైతే జరిమానా ఎంత అన్నంతవరకే. ప్రాజెక్టు రాసే నాటికి అదీ గుర్తుండదు. లెక్చరర్ ప్రాజెక్టు ఇచ్చిన వారంలోనే, ఆ అంశం మీదే, లైబ్రేరియన్ తరగతికి వస్తే ఫలితం వేరు.

నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ సమస్యనే తీసుకోండి. విద్యార్థి ప్రశ్నను మొత్తంగా టైప్ చేస్తే దొరికేది తక్కువ. లైబ్రేరియన్ దాన్ని విడగొడతారు: ఫ్లోరైడ్ లేదా ఫ్లోరోసిస్ ఒక భాగం, భూగర్భ జలం ఇంకొకటి, ప్రాంతం మూడోది. ఒకే అర్థమున్న మాటల మధ్య 'ఆర్', భాగాల మధ్య 'అండ్' పెట్టిస్తారు. 2014కు ముందటి వ్యాసాల కోసం తెలంగాణతో పాటు ఆంధ్రప్రదేశ్ అని కూడా వెతకాలని గుర్తుచేస్తారు. దొరికిన వాటిలో ఏ అధ్యయనం పద్ధతి నమ్మదగినదో చెప్పాల్సింది లెక్చరర్. ఒకరి పని ఇంకొకరు చేయలేరు.

ఈ జోడీ లేకపోతే నష్టం చివర్లో బయటపడుతుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే చర్యలు మొదలవుతాయి. 60 శాతం మించితే రిజిస్ట్రేషనే రద్దు. సాఫ్ట్‌వేర్ నివేదిక కోసం వచ్చినప్పుడే లైబ్రేరియన్‌ను కలిసే పరిశోధకులున్నారు. అప్పటికి వాళ్లు ఆధారాలు చూపడం కాదు, శాతం తగ్గేలా మాటలు మార్చడం నేర్చుకుంటారు.

1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయిన ఎస్.ఆర్.రంగనాథన్ అంతకుముందు గణితం అధ్యాపకుడు. ఇప్పటి వ్యవస్థలో రెండు వృత్తుల మధ్య టైమ్‌టేబుల్ అడ్డం. లైబ్రేరియన్‌కు అందులో పీరియడ్ ఉండదు, ఆధారాల జాబితాకు మార్కులూ ఉండవు. పోస్టు ఖాళీగా ఉన్నచోట ఇన్‌చార్జి లెక్చరర్‌కు తాళంచెవులు అప్పగించి సరిపెడతారు. కనీసం ప్రాజెక్టు మార్కుల్లో కొన్నింటిని ఆధారాలకు కేటాయించే వీలు విభాగాధిపతులకుంది. అందుకు కొత్త నిధులేమీ అక్కర్లేదు.

ప్రైవేటు కాలేజీలు పథకం తొలి దశలో లేవు. వాటి విద్యార్థులకు మిగిలేవి ఉచిత జర్నళ్లు, ఎవరైనా చదువుకోగల 'శోధ్‌గంగ' థీసిస్‌లు. వాటిలోనూ వెతకడం ఎవరో నేర్పాల్సిందే.