జీపు ఎత్తు పెంచుట – లాభనష్ట విచారణ

విశాఖపట్టణము సముద్రపు ఒడ్డున వెలసిన నగరమే అయినను, దాని వెనుక ఎల్లప్పుడు కొండలు కాపు కాయుచున్నవి. ఇచ్చటి నుండి బయలుదేరిన బాట ఒకటి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాటు నెక్కి అరకు లోయకు చేరును. మరియొకటి చోడవరము, మాడుగుల దాటి పాడేరునకు పోవును. 2022 ఏప్రిల్ 4న ఆ మన్యసీమ అల్లూరి సీతారామరాజు జిల్లాగా వేరుపడినది గాని, మన నగరమునకు దానితో గల రాకపోకలు తగ్గలేదు. ఆ దారులకు అలవాటు పడిన వాహనము జీపు.

మా విద్యార్థి యొకనికి వాని తాతగారి పాత మహీంద్రా జీపు సంక్రమించినది. దానిని మూడు అంగుళములు పైకి లేపి, రాళ్లబాటలలో నడుపవలెనని వాని కోరిక. పని ఇంటి పెరటిలోనే చేసికొందునని పట్టుపట్టెను. మాకు యంత్రశాస్త్రములో పట్టములు లేవు; అయినను పిల్లవాని క్షేమము గురువుల బాధ్యత కదా! ఆటోనగరులో జీపుల పనిలో తల నెరసిన ఒక ఉస్తాదు వద్దకు వానిని తీసికొనిపోతిమి. అచ్చట విన్నదియు, పిమ్మట మేము చదివి లెక్కకట్టి తెలిసికొన్నదియు పాఠకుల ముందుంచుచున్నాము.

జీపు రెండవ ప్రపంచయుద్ధమున పుట్టిన వాహనము. మన దేశములో దానిని కూర్చుట 1947లో ఆరంభమైనది. ఆ సంస్థ 1945లో లూధియానాలో మహీంద్రా అండ్ మహమ్మద్ అను పేర వెలసినది. భాగస్వామి మాలిక్ గులాం ముహమ్మద్ దేశవిభజనానంతరము పాకిస్తాను ప్రథమ ఆర్థికమంత్రియై వెడలిపోగా, 1948లో అది మహీంద్రా అండ్ మహీంద్రాగా మారినది.

ఈ పాత జీపులలో ముందు వెనుకల రెండు గట్టి ఇరుసులుండును. ఇరుసునకును చట్రమునకును నడుమ ఉక్కు పట్టీల కట్టలుండును. మన మెకానిక్కులు వీనిని కమాను కట్టలందురు. కమాను అనగా ఉర్దూలో విల్లు. పేరునకు తగినట్లే ఆ పట్టీలు వింటి వలె వంగి బరువును మోయును. కట్టను ఇరుసునకు బిగించునవి యూ బోల్టులు. కట్ట చదునైనపుడు దాని పొడవు పెరుగును గనుక, ఒక కొనను కదలనిచ్చుటకు షాకిల్ అను చిన్న లంకె ఉండును.

ఇక అసలు సంగతికి వత్తము. మా విద్యార్థి ఉత్సాహముతో, “కమాన్లు లేపితే ఇంక కింద ఏ రాయీ తగలదు గదా?” అని అడిగెను. ఉస్తాదు నవ్వి, “కమాను లేపితే బండి లేస్తాది గానీ, ఇరుసు లేవదు బాబూ” అనెను. ఈ ఒక్క మాటలో సమస్తము ఇమిడి ఉన్నది. గట్టి ఇరుసు చక్రముల నడుమ కూర్చుండును; దాని ఎత్తును నిర్ణయించునది చక్రము యొక్క వ్యాసార్ధమే. కమాను ఇరుసునకు పైనున్న చట్రమును మాత్రమే లేపును. కనుక ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా వ్రేలాడు డిఫరెన్షియల్ మునుపటి ఎత్తుననే నిలిచి, మునుపటి రాతికే తగులును. దానిని ఒక అంగుళము లేపవలెనన్న, టైరు వ్యాసము రెండు అంగుళములు పెరుగవలెను.

అట్లయినచో కమాను లేపుట వలన లాభమేమి? పెద్ద టైరు మడ్‌గార్డునకు రాచుకొనకుండ చోటు లభించును. గట్టు నెక్కునపుడు ముందరి బంపరు, గట్టు దాటునపుడు నడుమ చట్రము నేలకు తగులుట తగ్గును. లాభము ఇంతవరకే.

ఎత్తు పెంచు పద్ధతులు కొన్ని కలవు. ఎక్కువ వంపు గల క్రొత్త కట్టలు వేయుట ఒకటి. పాత కట్టకు మరియొక పట్టీ చేర్చుట రెండవది. దీని వలన బండి బిరుసెక్కి కుదుపు పెరుగును. పొడవైన షాకిల్ తగిలించుట మూడవది. ఇందు షాకిల్ రెండంగుళములు పెరిగినచో బండి ఒక్క అంగుళమే లేచును. ఇరుసునకును కట్టకును నడుమ ఉక్కు దిమ్మ పెట్టుట నాలుగవది. దీనిని ముందు ఇరుసునకు ఎన్నడును చేయరాదు. బ్రేకు వేసినపుడు, గతుకులో పడినపుడు దిమ్మ జారినచో స్టీరింగు చేతిలో ఉండదు.

ఇప్పుడు ఈ ఎత్తునకు మనము చెల్లించు మూల్యము చూతము. ఎడమ కుడి చక్రముల నడుమ దూరము 48 అంగుళములనియు, బండి గరిమనాభి నేల నుండి 27 అంగుళముల ఎత్తున ఉన్నదనియు అనుకొందము. అట్టి బండి గణితము ననుసరించి సుమారు 41½ డిగ్రీల ప్రక్కవాలు వరకు పొరలదు. గరిమనాభి మూడంగుళములు లేచినచో ఆ హద్దు 38½ డిగ్రీలకు దిగును. ఇది నిశ్చలముగా నున్న బండి లెక్క. మలుపులో వేగము, కమానుల ఊగు, టైర్ల అణగుట కలిసినపుడు హద్దు ఇంకను చాల తగ్గును. పైకప్పు మీద మూటలను, మనుషులను ఎక్కించినచో చెప్పవలసినదే లేదు. ఘాటు మలుపులో మూడు డిగ్రీలు అల్పమైన లెక్క కాదు.

రెండవ మూల్యము ప్రొపెల్లర్ షాఫ్టు చెల్లించును. గేరుపెట్టె చట్రముతో లేచును, ఇరుసు క్రిందనే ఉండును. నడుమనున్న షాఫ్టు ఏటవాలగును. 40 అంగుళముల షాఫ్టునకు మూడంగుళముల ఎత్తు వలన సుమారు నాలుగు డిగ్రీల వాలు పెరుగును. 20 అంగుళముల షాఫ్టునకు ఎనిమిదిన్నర డిగ్రీలు పెరుగును. పొట్టి జీపులలో వెనుక షాఫ్టు పొట్టిదే గనుక జాయింట్లు త్వరగా అరిగి అదరును.

మూడవది స్టీరింగు. ముందు కట్టకు షాకిల్ ముందరి కొనన ఉన్న జీపులలో దానిని పొడవు చేసినచో ఇరుసు ముందునకు తిరిగి, చక్రము తనంతట తాను తిన్నగా వచ్చు గుణము తగ్గును. స్టీరింగు కడ్డీ వాలు మారుటచే గతుకులో బండి ప్రక్కకు లాగును. నాల్గవది బ్రేకు రబ్బరు గొట్టము. చక్రము గోతిలోనికి వ్రేలాడినపుడు అది బిగిసి తెగినచో బ్రేకులే ఉండవు. షాక్ అబ్జార్బర్లు పొట్టివైనచో అవియు సాగి విరుగును.

ఈ పనికి పూనుకొనువారు పాటింపవలసిన క్రమమిది. ముందుగా నాలుగు చక్రముల వద్దను చక్రమధ్యము నుండి మడ్‌గార్డు అంచు వరకు కొలిచి వ్రాసికొనవలెను. మనది ఉప్పుగాలి ఊరు. షాకిల్, కమాను పట్టు బ్రాకెట్ల వద్ద చట్రము తుప్పు పట్టినదేమో సుత్తితో తట్టి చూడవలెను. తుప్పు చట్రమునకు క్రొత్త కమాను గోతిలో నాటిన స్తంభము వంటిది. గట్టి సిమెంటు నేలపై, నేలనున్న చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టి, చట్రమును స్టాండులపై నిలుపవలెను. జాకీని నమ్మి బండి క్రిందికి దూరరాదు. ఒక తడవ ఒక ఇరుసు పనియే చేయవలెను. యూ బోల్టులు విప్పుటకు ముందు ఇరుసు క్రింద జాకీ ఆనించి బరువు మోయింపవలెను. పాత యూ బోల్టులను మరల వాడరాదు. రబ్బరు బుష్‌లున్నచో వాని బోల్టులను బండి చక్రములపై నిలిచిన పిమ్మటనే తుది బిగింపు చేయవలెను. ఇరుసును పూర్తిగా వ్రేలాడనిచ్చి బ్రేకు గొట్టమును, షాఫ్టును పరీక్షింపవలెను. కొంతదూరము నడిపిన తరువాత ప్రతి బోల్టును మరల బిగింపవలెను. హెడ్‌లైట్ల గురిని సరిచేయవలెను. పట్టీలను గ్యాసు మంటతో కాల్చి వంచుట మాత్రము పనికిరాదు. పదును పోయిన ఉక్కు ఒకనాడు హఠాత్తుగా విరుగును.

పనిముట్టు పట్టుటకు ముందు చట్టమును కూడ తలపవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమునే దృఢపరచినది. అదే సంవత్సరపు సవరణ వలన, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చును. కావున రవాణా కార్యాలయమున విచారించుట మొదటి మెట్టు.

తుదకు మా విద్యార్థి జీపు సంగతి. ఉస్తాదు టేపు పెట్టి కొలువగా, దశాబ్దముల బరువుచే దాని కమానులు రెండంగుళములకు పైగా కుంగియున్నట్లు తేలినది. “దీన్ని లేపక్కర్లేదు మాస్టారూ, దాని ఎత్తు దానికిస్తే చాలు” అనెను. అసలు కొలతల క్రొత్త కట్టలు, క్రొత్త బుష్‌లు, యూ బోల్టులు వేయించితిమి. పిల్లవాడు తన చేతులతోనే బిగించెను. ఉస్తాదు ప్రక్కన నిలిచి చూచెను. వాడు కోరిన ఎత్తులో చాలవరకు చట్టమునకు, క్షేమమునకు భంగము లేకుండ లభించినది.

విద్యార్థి మిత్రులారా! క్రొత్త ఎత్తును కోరుటకు ముందు, పోగొట్టుకొన్న ఎత్తు ఎంతయో కొలిచి చూచుట వివేకము. కొలత బద్ద చేత పట్టిన పిమ్మటనే పానా చేత పట్టుడని మా మనవి.