కండరము నేర్పు పాఠములు

సికిందరాబాదునకు ఈశాన్యమున ఏ.ఎస్. రావు నగర్ అను పేట కలదు. 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఉద్యోగుల నివాసముల కొరకు మొదట ఏర్పడిన ఈ పేటకు, ఆ సంస్థను నిర్మించిన శాస్త్రజ్ఞుడు అయ్యగారి సాంబశివరావుగారి పేరు పెట్టిరి. నేడు అచటి పెద్దవీధి వెంట నడచినచో వ్యాయామశాలల బోర్డులు, టిఫిను హోటళ్లు, మందుల దుకాణములు ఒకదాని వెంట నొకటి కనబడును. బరువులెత్తుటకు నెలనెలా రుసుము చెల్లించువారు ఆ వ్యాయామశాలను చేరుటకు లిఫ్టు కొరకు వేచియుండుటయు కలదు. ఇది పరిహాసమునకు చెప్పిన మాట కాదు. మన తాతముత్తాతలకు వ్యాయామమను మాటతో పనిలేకపోయినది. నీరు చేదుట, దుక్కి దున్నుట, వడ్లు దంచుట వారి శరీరమును ప్రతిదినము ఏదో ఒకటి అడుగుచుండెడివి. ఇప్పుడు యంత్రములు ఆ పనులను తీసికొనినవి. అందుచేత శరీరమును అడుగవలసిన భారము మన మీదనే పడినది. అడిగినచో శరీరము ఏమి చేయును? అడుగుట మానినచో ఏమి చేయును?

సాంబశివరావుగారు పుట్టిన మోగల్లు గ్రామము భీమవరమునకు దగ్గర. కండరమునకు శక్తి ఎట్లు అందునో ప్రపంచమునకు తెలిపినవారిలో ఒకరైన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో జన్మించినది ఆ భీమవరముననే. మన ప్రశ్నకు సమాధానము అచటి నుండియే మొదలు పెట్టవచ్చును.

బోస్టను నగరమున, హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో కలిసి సుబ్బారావుగారు చేసిన మొదటి పని చూచుటకు చాల సామాన్యమైనది. రక్తములో భాస్వరము ఎంత ఉన్నదో, ద్రావణమునకు వచ్చు నీలిరంగు చిక్కదనమును బట్టి కొలుచు పద్ధతిని వారు 1925లో ప్రకటించిరి. కొలత చేతికి వచ్చినంతనే క్రొత్త సంగతులు బయటపడెను. కండరములో భాస్వరముతో కూడిన ఒక పదార్థము కలదు. కండరము పనిచేయునప్పుడు అది తరుగును, విశ్రమించినప్పుడు తిరిగి చేరును. ఫాస్ఫోక్రియాటిన్ అను ఈ పదార్థమును వారు 1927లో గుర్తించిరి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా నేడు పాఠ్యపుస్తకములలో ఏ.టి.పి. అని మనము చదువు పదార్థమును, కండరము నుండి వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని స్వతంత్రముగా కనుగొనెను.

కండరపు పోగులు ముడుచుకొనుటకు నేరుగా ఖర్చగునది ఈ ఏ.టి.పి. మాత్రమే. మొక్కలకు నీరు పోయు మనిషిని ఒకనిని తలచుకొనుడు. అతని చేతిలోని చెంబు ఏ.టి.పి. చెంబు చిన్నది, ఉన్న బలమంతయు పెట్టి పరుగెత్తినచో రెండు మూడు సెకండ్లలో ఖాళీయగును. ప్రక్కనున్న కుండ ఫాస్ఫోక్రియాటిన్. అది చెంబును వెంటవెంటనే నింపును గాని, సుమారు పది సెకండ్లకు మించి రాదు. ఆపైన బావి నుండి చేదుకొనవలసినదే. తిన్న పిండిపదార్థములను, క్రొవ్వులను విడగొట్టి, చివరకు పీల్చిన ఆమ్లజనితో కలిపి శక్తిని రాబట్టుటయే ఆ చేదుట. ఇది నెమ్మదిగా జరుగును, కాని బావి త్వరగా ఎండదు. నూరు మీటర్ల పందెగాడు కుండను నమ్ముకొని పరుగెత్తును. తిరుమల కొండకు నడచువాడు బావిని నమ్ముకొని ఎక్కును. ఏ ఒక్క క్షణమున తూచినను మన ఒంటిలోని ఏ.టి.పి. అంతయు కలిపి పావుకిలోకు మించదు. అయినను అదే మరల మరల విరిగి, మరల మరల అతుకుకొని, ఒక దినమున దాదాపు మన బరువంత లెక్కకు వచ్చును.

ఖాళీయైన కుండ నిండుటకు మూడు నుండి అయిదు నిమిషములు పట్టును. కనుక బరువు దించినవాడు రెండవమారు ఎత్తుటకు ముందు కొంతసేపు కూర్చుండుట సోమరితనము కాదు. విశ్రాంతి కూడ వ్యాయామములో ఒక భాగమేయని సుబ్బారావుగారి నీలిరంగు ద్రావణము చెప్పుచున్నది.

ఇక మొదటి నెలలోనే మానివేయువారిని గూర్చి. వ్యాయామశాలలో చేరినవారు రెండు మూడు వారములలోనే మునుపటికన్న ఎక్కువ బరువు ఎత్తగలుగుదురు. అద్దములో చూచుకొనినచో మాత్రము కండ పెరిగినట్లు కనబడదు, కాటాపై ముల్లు కదలదు. లాభము లేదని విడిచిపెట్టుట సాధారణముగా ఈ దశలోనే. నిజమునకు మొదట నేర్చుకొనునది కండ కాదు, నాడి. ఒక కండరములో వేలకొలది పోగులుండును. అలవాటు లేనివానిలో వాటిలో కొన్నింటికి ఆజ్ఞ సరిగా అందదు, అందినను అన్నియు ఒక్కమారు కదలవు. కొలది వారముల సాధనలో మెదడు, వెన్నుపాము ఆ ఆజ్ఞలను చక్కదిద్దుకొనును. రథోత్సవమున తేరు లాగువారి సంఖ్య పెరుగలేదు. అందరును ఒక్క ఊపున లాగుట నేర్చిరి. పోగులు లావగుట తరువాతి కథ. అదియు బరువెత్తు ఘడియలో జరుగదు. ఎత్తిన తరువాత ఒకటి రెండు దినముల పాటు కండరము మాంసకృత్తులను మామూలుకన్న వేగముగా కూర్చుకొనును. తిండి, నిద్ర చాలనివానికి ఈ కూర్పు అరకొరగానే సాగును.

నడక, పరుగు, ఈత వంటి దీర్ఘశ్రమ చేయు మార్పు వేరు. 1967లో అమెరికాలో హాలొజీ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలను కదలు పట్టాపై కొన్ని వారముల పాటు పరుగెత్తించి, వాటి కండరములను పరీక్షించెను. ఆమ్లజనిని వినియోగించుకొను శక్తి ఆ కండరములలో దాదాపు రెట్టింపైనది. కణములోని మైటోకాండ్రియా అను శక్తికేంద్రములు వృద్ధిచెందుటయే దీనికి కారణము. మన ఉపమానములో బావికి గిలకలు ఎక్కువైనవి. మనుష్యులలోను ఇట్లే జరుగును. సన్నని రక్తనాళములు కూడ కండరములో ఎక్కువగా అల్లుకొనును.

అడుగుట మానినప్పటి సంగతి 1966లో డల్లాస్ నగరమున జరిగిన ప్రయోగము తెలుపును. ఇరువది యేండ్ల యువకులు అయిదుగురు మూడు వారముల పాటు పూర్తిగా మంచముననే ఉండిరి. గరిష్ఠముగా ఆమ్లజనిని వినియోగించుకొను శక్తి వారిలో నాలుగవ వంతుకు పైగా తరిగిపోయెను. తరువాత సుమారు ఎనిమిది వారముల శిక్షణలో అది తిరిగివచ్చుటయే గాక మొదటి స్థాయిని మించెను. 1996లో, వయస్సు ఏబదికి చేరిన ఆ అయిదుగురినే మరల పిలిచి కొలిచిరి. ముప్పది సంవత్సరములలో వారు పోగొట్టుకొనినది, యౌవనమున మూడు వారముల పడకలో పోగొట్టుకొనినదానికన్న తక్కువ! ఆరు నెలల పాటు క్రమముగా నడక, పరుగు, సైకిలు అలవాటు చేయగా, వారి శక్తి ఇరువదియవ యేట శిక్షణకు ముందున్న స్థాయికి చేరెను. ఆనాడు శిక్షణ తరువాత పొందిన శిఖరము మాత్రము మరల అందలేదు. అయిదుగురే కదా యని తీసివేయవచ్చును. కాని అవే శరీరములను ముప్పది యేండ్ల ఎడమున కొలిచిన ప్రయోగములు అరుదు. నాకు తెలిసినంతలో వయస్సును నిందించువారికి ఇంతకన్న గట్టి సమాధానము లేదు.

మన పాఠశాలలలో పదవ తరగతి రాగానే ఆటల పీరియడును గణితమునకు ఇచ్చివేయుట పరిపాటి. ఆ తరువాత రెండు సంవత్సరములు ఇంటర్మీడియట్ కోచింగులో విద్యార్థి ఉదయము మొదలు రాత్రి వరకు బెంచిపై కూర్చుండును. అయిదు నుండి పదునేడు సంవత్సరముల వయస్సువారు దినమునకు సగటున ఒక గంటయైన చురుకుగా కదలవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. ఆ గంటను చదువు నుండి దొంగిలించిన గంటగా ఎంచుట అన్యాయము.

కూర్చుండుట వలని నష్టము కండకు మాత్రమే పరిమితము కాదు. తిన్న అన్నము గ్లూకోజుగా మారి రక్తములో చేరును. ఆ గ్లూకోజును ఎక్కువగా తీసికొనునది కండరమే. విశ్రాంతిలోనున్న కండరపు తలుపు తెరచుటకు ఇన్సులిను అను తాళపుచెవి కావలెను. కదలుచున్న కండరము మాత్రము ఇన్సులిను కొరకు వేచియుండక, తన తలుపును తానే తెరచుకొనును. భోజనమైన పిదప పదిహేను నిమిషములు తీరికగా నడచినను రక్తములో చక్కెర అంతగా ఎగబ్రాకకుండుటకు ఇదియే కారణము. భారత వైద్య పరిశోధన మండలి సహాయముతో జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వే ప్రకారము మన దేశమున 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహగ్రస్తులు. 13 కోట్ల 60 లక్షల మంది ఆ అంచున ఉన్నారు. ఉపాధ్యాయుల గదిలో భోజనపు క్యారేజీల ప్రక్కన కనబడు మాత్రల డబ్బాలు ఈ లెక్కలోనివే.

ఇక ఆహారము. మర బియ్యము రాకముందు వడ్లను రోటిలో పోసి రోకలితో దంచెడివారు. ఆ పనిలో భుజములకు, నడుమునకు శ్రమ. ఆ బియ్యముపై మిగిలిన తవుడు పొరలో విటమిను బి-1. మర వచ్చి రెంటిని ఒక్కమారే తీసికొనిపోయెను. తెల్లగా పాలిషు పట్టిన పచ్చిబియ్యమే ప్రధానముగా తిను ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ఒకప్పుడు స్థిరపడియుండెను. ఉప్పుడు బియ్యము తినువారిలో అది తక్కువ. వడ్లను నానబెట్టి ఉడికించునప్పుడు పై పొరలోని విటమిను గింజలోనికి ఇంకును, తరువాత మరపట్టినను కొంత నిలుచును. “దంచినమ్మకు బొక్కిందే కూలి” అని సామెత. ఆ బొక్కినదానిలో తవుడు కూడ ఉండుటచే కూలి మరీ తక్కువేమి కాదని శాస్త్రమును బట్టి అనవలసియున్నది. మర పుట్టిన తరువాత ఆ కూలి గేదెలకు పోయినది.

బెరిబెరి పరిశోధనకై 1918లో కూనూరులో మెకారిసన్ ఆధ్వర్యమున ఒక చిన్న గదితో మొదలైన శాఖయే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. అది ఏ.ఎస్. రావు నగర్ నుండి కొలది మైళ్ళ దూరముననే, తార్నాకలో ఉన్నది. దినమునకు 2000 కేలరీల ఆహారము తినువారికి ఆ సంస్థ 2024లో సూచించిన పళ్లెములో ధాన్యములు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు. ధాన్యపు తూకము వండక ముందుది. మన ఇండ్లలో కొండంత అన్నము, దానిపై గరిటెడు పప్పుచారు, అంచున కూర. ఈ పళ్లెమును తలక్రిందులు చేయనక్కరలేదు. అన్నము కొంత తగ్గించి, పప్పును పలుచగాక ముద్దగా వండి, కూరను అంచు నుండి నడుమకు తెచ్చిన చాలును. పొట్టు తీయని పెసలతో వేసిన పెసరట్టు మన పూర్వులు కనిపెట్టిన మంచి వంటకములలో ఒకటి. దానిలో ఉప్మా నింపుటను మాత్రము నేను సమర్థింపలేను.

ఆరోగ్యవంతుడైన పెద్దవానికి కిలో బరువునకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు మన దేశమున నిర్ణయించిన మోతాదు. 60 కిలోల వానికి ఇది 50 గ్రాములు. పప్పు, పెరుగు, గ్రుడ్డు, వేరుసెనగలతో సమకూర్చుకొనవచ్చును. విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా ఉండి, తరువాత దేశవిదేశములలో ఇనుప గొలుసులు తెంచిన కోడి రామమూర్తినాయుడుగారు శాకాహారి. వ్యాయామశాలలలో నేడు డబ్బాలలో అమ్ము క్రియాటిన్ పొడి, సుబ్బారావుగారు కనుగొనిన పదార్థములోని భాగమే. దానిని కొనువారిలో ఎందరికి ఆయన పేరు తెలియునో! క్రియాటిన్ మన శరీరములోనే తయారగును, చేపలలో, మాంసములో లభించును. ఎదుగు వయస్సు పిల్లలు వైద్యుని అడుగక ఆ డబ్బాల జోలికి పోరాదు.

ఉపాధ్యాయులు తరగతిలో చేయదగిన ఒక చిన్న పరీక్ష ఉన్నది. అడుగు ఎత్తుగల మెట్టును తీసికొని, విద్యార్థిచే నిమిషమునకు 24 సార్లు చొప్పున మూడు నిమిషములు ఎక్కించి దింపవలెను. గుండెజబ్బు, ఉబ్బసము ఉన్నవారిని, జ్వరము నుండి లేచినవారిని ఇందు చేర్చరాదు. దిగి కూర్చుండిన వెంటనే ఒకమారు, నిమిషము గడచిన పిదప మరియొకమారు, పదిహేను సెకండ్ల పాటు మణికట్టు వద్ద నాడిని లెక్కించి నాలుగుతో గుణింపవలెను. రెండు అంకెల భేదమును పుస్తకమున వ్రాసికొనవలెను. గుండెకు సామర్థ్యము పెరిగిన కొలది నాడి త్వరగా దిగును. తరగతిలో సగము మంది రోజుకు అరగంట చురుకుగా నడచుటకు ఒప్పుకొనినచో, ఎనిమిది వారముల తరువాత అదే మెట్టుపై, అదే వేళకు రెండు జట్లను మరల పరీక్షించి, అంకెలను గ్రాఫు కాగితముపై గీయింపవచ్చును. పరీక్షల కొరకు నడక మానినవారిని వార్షిక పరీక్షలు కాగానే మూడవమారు ఎక్కింపవలెను. గ్రాఫులో ఆ మూడవ చుక్క ఎచట పడునో గీయుటకు ముందే ఊహించి వ్రాయుమని చెప్పినచో తరగతిలో మంచి చర్చ జరుగును.